బెంగళూరు నుంచి కర్నూలు: గాల్లో గంట, మిగతాదంతా నేల మీదే

బెంగళూరు ఎయిర్‌పోర్టున్న దేవనహళ్లి నుంచి కర్నూలు ఎయిర్‌పోర్టున్న ఓర్వకల్లుకు మ్యాపు మీద గీత గీస్తే దాదాపు 280 కిలోమీటర్లు. దూరం లెక్కగట్టే సైట్లు దీనికి ఇరవై నిమిషాలని చూపిస్తాయి. గంటకు 800 కిలోమీటర్ల జెట్ వేగంతో వేసిన లెక్క అది. ఓర్వకల్లు రన్‌వే రెండు కిలోమీటర్లే, అక్కడ దిగేది ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానం. దాని వేగం గంటకు 500 దాకానే. చిన్న రూట్లకు మా లెక్క ఇది: కిలోమీటర్లను 500తో భాగించి, విమానం రన్‌వే దాకా పోవడానికి, పైకి లేవడానికి, కిందికి దిగడానికి మరో అరగంట కలపాలి. ఇక్కడ 34, 30 కలిపితే గంటా నాలుగు నిమిషాలు.

అసలు ఖర్చయ్యే టైము వేరే చోట ఉంది. మారతహళ్లి నుంచి ఎయిర్‌పోర్టుకు గంటన్నర వేసుకోండి. సాయంత్రమైతే రెండు గంటలు. కౌంటర్లో బ్యాగు ఇచ్చేవాళ్లు గంటన్నర ముందు అక్కడ ఉండాలి. దిగాక కర్నూలు ఊళ్లోకి ఇంకో ఇరవై కిలోమీటర్లు. మొత్తం ఐదు గంటలు. యశ్వంతపూర్‌లో వందే భారత్ ఎక్కినా కర్నూలు సిటీకి పట్టేది దాదాపు అంతే, పైగా స్టేషను ఊళ్లోనే. ఎయిర్‌పోర్టు వైపున్న హెబ్బాళ, యెలహంక వాళ్లకైతే విమానం లాభమే. ఊరికి ఆ చివరనున్న ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లకు మాత్రం శుద్ధ దండగ.

ఏటీఆర్‌లో తలపై అరలు చిన్నవి. గట్టి ట్రాలీ పట్టదు, మెట్ల దగ్గరే తీసుకుని సామాన్ల గదిలో వేస్తారు. మందులు, ఛార్జరు, నగలు చిన్న సంచిలోకి మార్చుకోండి. ఎక్కేదీ దిగేదీ వెనక తలుపు నుంచే. కాబట్టి ముందు వరుస సీటుకు డబ్బు పెట్టొద్దు: వెనక కూర్చుంటే ప్రొపెల్లర్ రొద తక్కువ, దిగేటప్పుడు మొదటి వరసలో ఉంటారు.

చలికాలం తెల్లవారుజామున దేవనహళ్లిలో మంచు కమ్ముతుంది. పెద్ద రూట్లో ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది. ఇలాంటి రూట్లో రద్దయితే ఆ రోజుకు అంతే సంగతులు. ముహూర్తం అదే రోజైతే ముందు రాత్రి బస్సెక్కడమే మేలు. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ కింద రూట్లకు సబ్సిడీ మూడేళ్లే, ఆ తర్వాత సర్వీసులు తగ్గడం, ఆగడం మామూలే. అందుకే నెల ముందు చూసిన టైమింగును నమ్మకుండా బుక్ చేసేరోజు మళ్లీ చూసుకోండి.

బస విషయానికొస్తే, మహానంది, అహోబిలం వెళ్లేవాళ్లు కర్నూలు దాకా పోయి లాడ్జి తీసుకోవడం వెనక్కి నడవడమే. ఓర్వకల్లు కర్నూలు–నంద్యాల రోడ్డు మీదే ఉంది, అక్కణ్నుంచి నేరుగా నంద్యాల వైపు వెళ్లిపోవచ్చు. కారు మాత్రం బెంగళూరులో ఉండగానే మాట్లాడుకోండి, తిరుగు ప్రయాణానికి కూడా కలిపి. దిగాక బేరమాడదామంటే అక్కడ ఆటోల వరస ఏమీ ఉండదు.