అరకు సైకిల్ టూర్‌కి డబ్బు కడుతున్నారా? కట్టేముందు ఇది చదవండి

మొన్న ఆదివారం జరిగింది. పిక్కలింకా పట్టేసే ఉన్నాయి, కోపమూ దిగలేదు. పేరు రాయను. పొద్దున్నే బీచ్ రోడ్డులో సైకిల్ తొక్కేవాళ్ళకి ఎవరి సంగతో ఈపాటికే అర్థమైపోయుంటుంది. అదేనండీ, రీలు రీలుకీ డ్రోన్ ఎగరేసే బ్యాచ్.

వైజాగ్ నుంచి అరకు, 115 కిలోమీటర్లు, ఒక్క రోజులో, 22 మందిమి. మనిషికి 4,200. నా సైకిల్‌కి గేర్లు లేవు కాబట్టి వాళ్ళదే అద్దెకి తీసుకున్నా, దానికి 900, పైన 3,000 డిపాజిట్. టిఫిను, భోజనం, మెకానిక్, సాయంత్రం వ్యాన్‌లో తిరుగు ప్రయాణం, "చివరి రైడర్ వెనకాలే సపోర్ట్ వ్యాన్ ఉంటుంది సర్". మొత్తం ఫోన్‌పేలో ముందే కొట్టేశాను. రసీదు అడగలేదు. ఇరవై ఏళ్ళుగా బ్యాంకులో కూర్చుని జనాన్ని రసీదు చూపించమనేవాణ్ణి, నేను అడగలేదు. నవ్వుకోండి.

తెల్లవారుజామున నాలుగున్నరకి ఆర్కే బీచ్‌లో బయల్దేరాం. పెందుర్తి దగ్గరే వెనక చక్రం దగ్గర టక్‌టక్ మొదలైంది. మెకానిక్ అనబడే కుర్రాడికి చూపించాను. గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న ముక్క ఉంటుంది, హ్యాంగర్ అంటారు. అది లోపలికి వంగినట్టు నా కంటికే కనిపిస్తోంది. వాడు వంగి కూడా చూడలేదు. "ఘాట్‌లో సెట్ అయిపోద్ది సర్" అన్నాడు. ఘాట్‌లో సెట్ అవడానికి అదేమన్నా కొత్త చెప్పా? నాకూ బుద్ధి ఉండాలి కదా, సరే అని ఎక్కేశాను.

కొత్తవలస, ఎస్.కోట దాకా రోడ్డు చదునే, పెద్ద గేర్లతో నడిచిపోయింది. ఎస్.కోటలో ఇడ్లీ బావుంది, అబద్ధమెందుకు చెప్పాలి. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలు. టైడా దాటిన తర్వాత ఒక మలుపులో, ఇక కాళ్ళు ఒప్పుకోక, పొద్దుట్నుంచి ముట్టుకోని ఒకటో గేరు వేశాను. చైను అన్నిటికంటే పెద్ద పళ్ళచక్రం మీదకి వెళ్ళడం, వంగిన హ్యాంగర్ డిరైలర్‌ని ఊచల్లోకి తోసెయ్యడం, ఫట్‌మని విరగడం, అన్నీ ఒక్క క్షణంలో అయిపోయాయి. హ్యాంగర్ విరిగింది, మూడు ఊచలు పోయాయి, చైను పామల్లే వేలాడుతోంది. నేను మాత్రం గోడవైపు పడ్డాను, లోయవైపు కాదు. సింహాద్రి అప్పన్న దయ.

హ్యాంగర్‌ని కావాలనే మెత్తటి అల్యూమినియంతో చేస్తారు, దెబ్బ తగిలితే ఫ్రేమ్ బదులు అది పోవాలని. చిన్న వస్తువు. కానీ ఏ ఫ్రేమ్‌కి ఆ హ్యాంగరే పడుతుంది కాబట్టి అద్దెకిచ్చేవాళ్ళే ఒకటి దగ్గర పెట్టుకోవాలి. దాని కోసమే కదా మెకానిక్, వ్యాను!

ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. పావుగంట తర్వాత కింద నుంచి వ్యాను రానే వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. చెయ్యి ఊపాను. ఆగింది. ముందు సీట్లో ఆర్గనైజర్. అద్దం సగం దించి, "ఏమైంది అంకుల్?" అన్నాడు. పెందుర్తిలో "సర్" నేను. టైడా దాటేసరికి అంకుల్.

చూపించాను. "అయ్యో, ర్యాక్ ఫుల్ అంకుల్" అన్నాడు. వెనక ర్యాక్ మీద నాలుగు సైకిళ్ళు, తళతళలాడుతున్నాయి, టైరుకి మట్టి కూడా అంటలేదు. ఎవరివని అడిగాను.

"మా వాళ్ళవి. గాలికొండ నుంచి దిగుడు షూట్ ఉంది. అక్కడ దింపాలి."

అంటే ఎక్కేది మేము, వీడియోలో దిగేది వాళ్ళు! మరి నన్నేం చెయ్యమంటావు బాబూ అన్నాను. నిజంగా బాబూ అనే అన్నాను, గొంతు కూడా పెంచలేదు. "ఏదో ఒక బండి దొరుకుతుంది అంకుల్. అయినా మీ ఏజ్‌కి బీచ్ రోడ్డే బెస్ట్" అని అద్దం పైకెత్తేశాడు. లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక సీట్లో నా ఎర్ర బ్యాగు కనిపించింది. పొడి బట్టలు, పర్సు, బీపీ మాత్రలు అందులోనే. దాని మీద ఒక కుర్రాడు బూటుకాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. కనీసం ఆ బ్యాగు ఇమ్మని అడగడానికి కూడా నాకు నోరు రాలేదు. రెండు రాత్రులుగా నిద్రపట్టనిది దానికే.

నాకు 48. ప్రతి ఆదివారం అడివివరం నుంచి సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కి దిగుతాను. విరిగింది సైకిలు, నేను కాదు.

గంటకి పైగా గట్టు మీద కూర్చున్నాక అరకు వైపు నుంచి క్యాబేజీల వ్యాను ఒకటి వచ్చింది. డ్రైవరు తనంతట తనే ఆపాడు. "ఏటి బాబూ, ఇరిగిపోనాదా? ఆ పైకెల్లిన యేను మీదేనా? మరి ఎక్కించుకోనేదేటి?" నేనేం చెప్పను. సైకిల్ క్యాబేజీ బస్తాల మీద, నేను అతని పక్కన, పెందుర్తి దాకా. డబ్బులిస్తానంటే తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు. అదీ ఫోన్‌లోనే కొట్టాను, పర్సు బ్యాగులో ఉంది కదా.

అసలు కొసమెరుపు రాత్రి తొమ్మిదింటికి. డిపాజిట్ తిరిగివ్వరట, "రైడర్ మిస్‌హ్యాండ్లింగ్" అట, పైగా చక్రానికి ఇంకో 2,800 నేనే కట్టాలట. టక్‌టక్ సంగతి ముందే చెప్పాను కదా అని గ్రూపులో పెట్టాను. రెండు నిమిషాల్లో గ్రూపులోంచి తీసేశారు. నాతో పాటు తొక్కిన 21 మందిలో ఒక్కరూ కిమ్మనలేదు. ఇద్దరు విడిగా మెసేజ్ పెట్టారు, వాళ్ళ డిపాజిట్లూ రాలేదట.

1915 కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు ఇచ్చాను. జిల్లా కమిషన్‌కీ వెళ్తాను, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. మీరు వెళ్ళేట్టయితే, అద్దె సైకిల్ తీసుకునేటప్పుడే చక్రం ఎత్తి ఒకటో గేరుతో సహా అన్నీ వేసి తిప్పి చూడండి, వీడియో తీసుకోండి. వ్యాను చివరివాడి వెనకే ఉంటుందని, ర్యాక్ ఖాళీగా ఉంటుందని రాతలో తీసుకోండి. బ్యాగు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

నాది ఇంకా వాళ్ళ షాపులోనే ఉంది. ఇవాళ సాయంత్రం వెళ్తున్నా. మా బావమరిది తోడొస్తానన్నాడు, వాడు కబడ్డీ ఆడేవాడు.