ఇసుమా టీవీ: బడికి పనికొచ్చే ఆదివాసీ భాషా చిత్రాలు

కెనడా ఉత్తరాన ఉన్న ఇగ్లూలిక్ వాసులు, తమ భాష ఇనుక్టిటుట్‌లో కార్యక్రమాలు లేవన్న కారణంతో, 1970లలో రెండుసార్లు ఓటు వేసి మరీ టెలివిజన్‌ను వద్దన్నారు. అదే ఊళ్లో 1990లో జకారియస్ కునుక్, నార్మన్ కోన్ తదితరులు స్థాపించిన చిత్ర నిర్మాణ సంస్థ ఇసుమా 2008లో ఇసుమా టీవీ వెబ్‌సైటును ప్రారంభించింది. ఇనుక్టిటుట్ మాట్లాడే ఆదివాసులైన ఇనుయిట్‌లతో పాటు అనేక ఆదివాసీ సమాజాలు తమ భాషల్లో తీసిన చిత్రాలను ఇందులో ఉచితంగా చూడవచ్చు.

ఈ భాషలు నేర్పే ఉపాధ్యాయుల దృష్టితో చూస్తే వీటి అసలు బలం నిదానమే. మంచు దిమ్మెలను కత్తితో కోసి ఒకదానిపై ఒకటి పేరుస్తూ ఇల్లు కట్టే దృశ్యంలో, పెద్దలు పని మధ్యలో అనుకునే మాటలు చేతి కదలికతో పాటే బోధపడతాయి; పదాల పట్టికను ఎంత వల్లె వేయించినా ఆ ఫలితం రాదు.

అయితే ఇవి పాఠ్యప్రణాళిక కోసం తీసినవి కావు కనుక, ఏ వయసువారికి ఏది తగునో ఉపాధ్యాయులే ముందుగా చూసి ఎంచుకోవాలి. వేట దృశ్యాల గురించి చిన్న పిల్లలకు ముందే చెప్పడం అవసరం. ఇంగ్లిష్ ఉపశీర్షికలు ఉన్నచోట మొదటిసారి వాటిని కప్పి చూపించడం మేలు, లేకపోతే పిల్లల చూపు అక్షరాల వెంటే పోతుంది, చెవి పనిచేయదు. భాష ఇంట్లో వినని పిల్లలకైతే ఐదారు నిమిషాల భాగాన్నే రెండు మూడుసార్లు చూపి, ఆ పనిని వారి చేతనే చెప్పించాలి.