ఇన్‌హేలర్ కొనేటప్పుడు "అదే మందండీ" అన్న మాట నమ్మి వచ్చేయకండి

ఉబ్బసం, సీఓపీడీ (గాలిదారులు ఇరుకై ఊపిరాడని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లూ, వాళ్లకు మందులు తెచ్చిపెట్టేవాళ్లూ కాస్త జాగ్రత్త. డాక్టరు చీటీలో పఫ్ కొట్టే ఇన్‌హేలర్ రాసి ఉన్నా, స్టాకు లేదని కొన్ని మెడికల్ షాపుల్లో చిన్న పరికరంలో పెట్టి పొడిని పీల్చే పౌడర్ క్యాప్సూళ్లు ఇచ్చేస్తున్నారు. మందు పేరు ఒకటే కావచ్చు, పీల్చే పద్ధతి మాత్రం పూర్తిగా వేరు.

పఫ్‌ని బాగా కుదిపి, ఊపిరి వదిలేసి, నెమ్మదిగా లోపలికి తీసుకోవడం మొదలుపెడుతూనే నొక్కాలి. నాలుగైదు సెకన్లు అలా పీలుస్తూనే ఉండాలి. వేగంగా లాగితే మందు గొంతు వెనకే అంటుకుపోతుంది. పౌడర్‌ని తోయడానికి గ్యాస్ ఉండదు, మన ఊపిరే లాగాలి. అందుకే మొదటి నుంచే గట్టిగా, వేగంగా పీల్చాలి. పాత అలవాటుతో మెల్లగా పీలిస్తే పొడి పరికరంలోనే మిగిలిపోతుంది. బలంగా పీల్చలేని ముసలివాళ్లకు, చిన్నపిల్లలకు ఈ మార్పిడి మరీ ప్రమాదం. రెండిట్లోనూ పీల్చాక 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి.

ఇంకో ఘోరం, పరికరం లేకుండా ఉత్త క్యాప్సూళ్లే చేతిలో పెట్టడం. ఇంట్లో పెద్దవాళ్లు వాటిని మాత్రల్లా మింగేస్తారు. అలా మింగితే ఊపిరితిత్తులకు మందు అందదు. పరికరం ఉన్నా దాని లోపలికి ఊపిరి వదలకూడదు, తేమకి పొడి ముద్దకడుతుంది. పీల్చాక తెరిచి చూడండి, పొడి మిగిలితే మళ్లీ పీల్చండి.

ప్యాకెట్ మీద షెడ్యూల్ హెచ్ (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా) హెచ్చరిక ఉంటే, చీటీలో రాసినదానికి బదులు ఇంకొకటి ఇవ్వకూడదని 1945 నాటి డ్రగ్స్ రూల్సే చెబుతున్నాయి. ఆ మాట మర్యాదగానే అడగండి. మందు పేరు, ఎన్ని మైక్రోగ్రాములు, పఫ్ రకమా పౌడర్ రకమా, గడువు తేదీ: ఇవి చీటీతో సరిచూసుకున్నాకే డబ్బులివ్వండి.

డోసుల అంకె కూడా చూడండి. 120 పఫ్‌ల డబ్బా పొద్దున రెండు, రాత్రి రెండు చొప్పున 30 రోజులే వస్తుంది. ఆ తర్వాతా గ్యాస్ బుస్సుమంటుంది కానీ అందులో మందు సరిగా ఉండదు. నీళ్లలో వేసి తేలుతుందా అని చూసే పరీక్ష నమ్మొద్దు. మిగిలిన డోసులు చూపే కౌంటర్ లేని డబ్బా అయితే మొదలుపెట్టిన తేదీ పెన్నుతో దానిమీదే రాసిపెట్టండి.

ఇప్పటికే వేరే రకం తెచ్చుకుని ఉంటే, మందు మానేయకుండా ఈరోజే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి.