జడ్పీ బాలుర ఉన్నత పాఠశాల ఏడాది చివరి సంచిక: విజయాల వార్తలు ఎంతవరకు పనికొస్తాయి?

2024-25 విద్యాసంవత్సరం ముగిసిన ఏప్రిల్ 23న మా పట్టణంలోని జిల్లా పరిషత్ బాలుర ఉన్నత పాఠశాల, ప్రగతి పత్రాలతో పాటు ఒక వార్తాసంచికను కూడా తల్లిదండ్రుల చేతికి ఇచ్చింది. ముద్రణ ఖర్చును పూర్వ విద్యార్థులు భరించారు కాబట్టి వెల లేదు. రాసినది, దిద్దినది, ఫొటోలు తీసినది అంతా ఉపాధ్యాయులే. మా అబ్బాయి ఏడో తరగతి పూర్తి చేసి జూన్ 12న ఎనిమిదిలోకి అడుగుపెడతాడు. అందుకే ఈ సంచికను నేను ప్రతి పేజీ దగ్గరా ఒకే ప్రశ్నతో చదివాను: ఈ ఏడాది కొందరు పిల్లలు సాధించినది వచ్చే ఏడాది మరికొందరు సాధించడానికి ఇందులో దారి దొరుకుతుందా? ఒకటి రెండు పేజీల్లో ఆ దారి చాలా స్పష్టంగా దొరికింది. మిగిలిన చోట్ల పేర్లు, ఫొటోలు, శాలువాలే కనిపించాయి.

ముందుగా మెచ్చుకోవలసినది నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్‌కు కేటాయించిన పేజీ. ఎంపికైన ఎనిమిదో తరగతి విద్యార్థుల పేర్లు వేసి ఊరుకోకుండా, పరీక్ష స్వరూపాన్ని లెక్కల సారు వివరంగా రాశారు. మేధాసామర్థ్య పరీక్షలో 90 ప్రశ్నలు, పాఠ్యాంశాల పరీక్షలో మరో 90 ప్రశ్నలు ఉంటాయి. ఒక్కోదానికి 90 నిమిషాల సమయం ఇస్తారు. రెండో భాగంలో సామాన్యశాస్త్రానికి 35, సాంఘికశాస్త్రానికి 35, గణితానికి 20 మార్కులు. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున మొత్తం 48,000 రూపాయలు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడతాయి. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షల రూపాయలు దాటకూడదనీ, ఏడో తరగతిలో కనీసం 55 శాతం మార్కులు ఉండాలనీ, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అందులో 5 శాతం సడలింపు ఉందనీ అక్కడే రాశారు. తెలంగాణకు కేటాయించిన 2,921 స్కాలర్‌షిప్‌ల కోసం పోటీ పడేది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలు మాత్రమే. ప్రైవేటు బడుల వారికీ, వసతితో కూడిన ప్రభుత్వ గురుకులాల వారికీ ఇందులో అర్హత లేదు. జడ్పీ బడిలో చదివించడానికి వెనకాడే తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదే. దానిని ఇంత సూటిగా అచ్చువేసినందుకు ఆ ఉపాధ్యాయుడికి నా కృతజ్ఞతలు.

అదే పేజీలో ఒక లోటు కూడా ఉంది. ఎంపిక కావడంతో ఈ స్కాలర్‌షిప్ కథ ముగియదు. ప్రతి ఏడాదీ జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయించుకోవాలి, బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి, పదో తరగతిలో 60 శాతం (ఎస్సీ, ఎస్టీ పిల్లలైతే 55 శాతం) మార్కులు తెచ్చుకుంటేనే ఇంటర్‌లో అది కొనసాగుతుంది. కూలి పనులకు వెళ్లే తల్లిదండ్రులు ఈ గడువులను గుర్తుపెట్టుకోవడం కష్టం. గడువు దాటితే పిల్లవాడు కష్టపడి సంపాదించుకున్న డబ్బు ఆగిపోతుంది. గత రెండు మూడేళ్లలో ఎంపికైన మా బడి పిల్లల్లో ఎందరికి డబ్బు క్రమంగా అందుతోందో సంచిక చెప్పలేదు. కొత్తగా ఎంపికైన వారి పేర్ల పక్కన, రెన్యువల్ పూర్తయిన పాతవారి సంఖ్యను కూడా వేసి ఉంటే ఆ పేజీకి లోటే ఉండేది కాదు.

బడి పిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే ఇన్‌స్పైర్ మనక్ పేజీ చిన్నదే అయినా బాగుంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం నడిపే ఈ కార్యక్రమానికి ఒక్కో బడి నుంచి ఐదు ఆలోచనల వరకు పంపవచ్చు. ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తారు. కల్లంలో ఆరబోసిన వడ్లపై వాన చినుకులు పడగానే మోగే హెచ్చరిక గంటను తయారుచేసిన తొమ్మిదో తరగతి బాలుడి గురించి అందులో రాశారు. తడిసిన ధాన్యంతో వాళ్ల నాన్న మార్కెట్ యార్డులో పడిన ఇబ్బంది నుంచి ఆ ఆలోచన పుట్టిందట. మొదటి నమూనా మంచు తేమకే మోగేదనీ, దానిని ఎలా సరిచేశాడో కూడా రాశారు. చదివిన పిల్లవాడికి తన ఇంట్లోని ఇబ్బంది కూడా ఒక ప్రాజెక్టు కాగలదన్న ధైర్యం కలుగుతుంది. ఇన్ని పేజీల్లో మా అబ్బాయి రెండోసారి తిరగేసింది ఇదొక్కటే.

ఆటల పేజీకి వచ్చేసరికి నాకు అసంతృప్తి కలిగింది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో మా కబడ్డీ జట్టు మండల స్థాయిని దాటి జిల్లా స్థాయికి వెళ్లడం బడికి గర్వకారణమే. అయితే ఫొటో కింద కెప్టెన్ పేరు, దాని తర్వాత జట్టు సభ్యులు అన్న మాట మాత్రమే ఉన్నాయి. కబడ్డీ జట్టంటే బరిలో ఏడుగురు, బయట మరో ఐదుగురు. ఆ పన్నెండు మందికీ తల్లిదండ్రులున్నారు, వారందరూ ఈ సంచికలో తమ కొడుకు పేరు వెతుక్కుంటారు. చదువులో వెనుకబడిన అబ్బాయికి బడిలో దొరికే గౌరవం చాలాసార్లు ఆటస్థలంలోనే దొరుకుతుంది. అతని పేరు అచ్చులో కనబడే అవకాశం ఏడాదికి ఒక్కసారే వస్తుంది. పీఈటీ సారు ఉదయం ఎన్నింటికి సాధన చేయించారో, ఎనిమిదో తరగతి పిల్లలు జట్టులో చేరాలంటే ఏం చేయాలో కూడా రాయలేదు. ఎదురు పేజీలో అతిథుల సన్మానం ఫొటోలకు మాత్రం కావలసినంత చోటు దొరికింది. దాతలను గౌరవించవలసిందే, కానీ ఆ పేజీలో సగం చాలు.

విజయాన్ని ఎలా చెప్పాలన్నదానికి మన ప్రభుత్వ విద్యాసంస్థల చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని చేరుకున్నారు. శిఖరం మీద జెండా పట్టుకున్న ఫొటో అందరికీ గుర్తుంది. దాని వెనుక భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ ఉంది, డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థలో నేర్చుకున్న పాఠాలున్నాయి, లడఖ్ చలిలో గడిపిన రోజులున్నాయి, ఒక్కో దశలో వడపోత తర్వాత మిగిలిన ఇద్దరి ఓర్పు ఉంది. ఆ దశలు తెలిసిన గురుకుల విద్యార్థికి ఎవరెస్టు ఎక్కడో ఉన్న అద్భుతంలా కాక, గుట్ట దగ్గర మొదలుపెట్టగల పనిలా కనిపిస్తుంది. మండల స్థాయి కబడ్డీ విజయాన్నైనా అదే వివరంతో, అదే శ్రద్ధతో రాయవచ్చు.

పదో తరగతి పేజీ గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. సంచిక ఏప్రిల్ 23న వచ్చింది. రాష్ట్రంలో పదో తరగతి ఫలితాలు 2024లోనూ 2025లోనూ ఏప్రిల్ 30నే వెలువడ్డాయి. అంటే ఏడాది చివరి సంచికలో ఆ ఏడాది పదో తరగతి ఫలితాలు ఉండే అవకాశమే లేదు. అందువల్ల నిరుటి టాపర్ల ఫొటోలు వేశారు. అందులో తప్పు లేదు, కానీ ఆ విషయం పెద్దక్షరాల్లో చెప్పకపోవడంతో, అవి ఈ ఏటి ఫలితాలేనని భావించిన తల్లిదండ్రులను నేను చూశాను.

అంతకన్నా ముఖ్యమైనది, మగపిల్లల బడి ప్రత్యేకంగా పట్టించుకోవలసినది మరొకటి ఉంది. రాష్ట్రంలో 2024లో బాలికలు 93.23 శాతం ఉత్తీర్ణులైతే బాలురు 89.42 శాతం. 2025లో బాలికలు 94.26 శాతం, బాలురు 91.32 శాతం. తేడా తగ్గినా పోలేదు. బాలురు మాత్రమే చదివే బడిలో ఈ తేడా కళ్లెదుట కనిపించదు, ఎందుకంటే పోల్చి చూసుకోవడానికి పక్క బెంచీల్లో ఆడపిల్లలు ఉండరు. మగపిల్లలు ఎక్కడ వెనుకబడుతున్నారు, ఏ సబ్జెక్టులో తప్పుతున్నారు, హాజరు ఏ నెలలో పడిపోతోంది, సాయంత్రం స్టడీ అవర్‌కు ఎవరు ఉండటం లేదు అన్నవి ఉపాధ్యాయులకు బాగా తెలుసు. వాటిని ఎవరి పేరూ బయటపెట్టకుండా ఒక పేరాలో రాసి ఉంటే, ఇంట్లో మేం చేయవలసిన పని మాకు తెలిసేది. వేసవిలో పనికి కుదిరి, జూన్‌లో బడికి తిరిగి రాని అబ్బాయిల సంగతి ఏ బడి సంచికలోనూ నేను చూడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగిన బడి మీద తల్లిదండ్రుల నమ్మకం పెరుగుతుందే గాని తగ్గదు.

పది దాటిన పిల్లలు ఎటు వెళ్లారన్న వివరం కూడా కొరవడింది. బాసర ఆర్‌జీయూకేటీలో సీటు సాధించిన పూర్వ విద్యార్థి పేరు గర్వంగా వేశారు. 2008లో మొదలైన ఆ సంస్థలో పదో తరగతి ప్రతిభ ఆధారంగా ఆరేళ్ల ఇంజినీరింగ్ చదువులో చేరవచ్చు. గ్రామీణ ప్రాంతాల పేద పిల్లలను దృష్టిలో పెట్టుకునే దానిని స్థాపించారు. ఆ అబ్బాయి ఎలా చదివాడో, దరఖాస్తుకు ఏయే పత్రాలు కావలసి వచ్చాయో రెండు వాక్యాలు రాసినా ఎంతో ఉపయోగపడేది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరినవారు, ఐటీఐలో చేరి పని నేర్చుకుంటున్నవారు ఈ సంచికలో ఎక్కడా లేరు. నా దృష్టిలో వారివీ విజయాలే. మగపిల్లవాడు త్వరగా సంపాదనలో పడాలని చూసే ఇళ్లలో ఐటీఐలో చేరిన కుర్రవాడి కథ ఇంజినీరింగ్ సీటు కథకన్నా ఎక్కువమందికి దారి చూపుతుంది.

ముద్రణ విషయానికి వస్తే కాగితం మందంగా ఉంది, అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి, తెలుగు శుభ్రంగా ఉంది. వాట్సాప్ గ్రూపులో పంపిన పీడీఎఫ్‌లో మాత్రం ఫొటోలు మసకబారాయి. జనవిజ్ఞాన వేదిక నిర్వహించే చెకుముకి సైన్స్ సంబరాల వార్త చివరి పేజీలో ఒక మూలకు పోయింది. దానికి లోపలి పేజీల్లో చోటు ఇవ్వవలసింది.

లోపాలు ఎన్ని చెప్పినా, ప్రభుత్వ బడి ఉపాధ్యాయులు పరీక్షల పేపర్లు దిద్దుతూనే ఇంత పని చేయడం మామూలు విషయం కాదు. ఈ సంచిక అందినవారు స్కాలర్‌షిప్ పేజీని జాగ్రత్తగా దాచుకోండి, ఎనిమిదిలోకి వచ్చే పిల్లలున్నవారు ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలను వేసవిలోనే సిద్ధం చేసుకోండి. ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే: జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో ఒక్క కాగితం అనుబంధంగా వేసి, ఈ ఏటి పదో తరగతి ఫలితాలు, కబడ్డీ జట్టులోని పన్నెండు పేర్లు, స్కాలర్‌షిప్ రెన్యువల్ గడువు అందులో చేర్చండి. దాని ముద్రణ ఖర్చులో నా వంతు ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.