మెడ నొప్పికి లక్షలు ఇప్పిస్తామనే యాక్సిడెంట్ ఏజెంట్లతో జాగ్రత్త: నెల్లూరు, ఒంగోలు వాళ్లు చదవండి

నెల్లూరులో ఆసుపత్రుల దగ్గర, ముఖ్యంగా మందుల కౌంటర్ పక్కన, చంకలో ఫైలు పెట్టుకుని తిరిగే మనుషులు కొందరు ఉంటారు. యాక్సిడెంట్ కేసును చూడగానే పట్టేస్తారు. "ఇన్సూరెన్స్ డబ్బులు మేం ఇప్పిస్తాం అన్నా, నువ్వేం టెన్షన్ పడబాక" అంటూ మాట కలుపుతారు. వాళ్లకు తెల్లకాగితం మీద సంతకం, ఒరిజినల్ బిల్లులు, ఖాళీ చెక్కు ఏదీ ఇవ్వొద్దు. మా బావమరిది మూడూ ఇచ్చాడు. కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి ఏజెంటు పేరూ, ఆసుపత్రి పేరూ రాయడం లేదు.

టంగుటూరు టోల్‌గేటు దగ్గర బండ్లు నెమ్మదించిన చోట మా బావమరిది కారును వెనక నుంచి లారీ గుద్దింది. డిక్కీ లోపలికి పోయింది, మనిషికి మాత్రం రక్తం చుక్క రాలేదు. నాకేం కాలేదని ఇంట్లో అందరికీ ఫోన్ చేసి చెప్పాడు. తెల్లారేసరికి మెడ ఎటూ తిరగలేదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం కాళ్లతో సహా తిరగాల్సి వచ్చేది. తల వెనక నుంచి నొప్పి, కుడి భుజం లాగడం. అతని ఉద్యోగం రొయ్యల చెరువుల మందులు అమ్మడం. కావలి నుంచి సింగరాయకొండ దాకా రోజంతా కారు తోలాలి. రివర్స్ చేయడానికి మెడ తిప్పలేని వాడు కారేం తోలతాడు?

దీన్నే డాక్టర్లు విప్‌లాష్ అంటారు. ఆగి ఉన్న బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టే ఇదీ. వెనక నుంచి దెబ్బ తగలగానే సీటు ఒంటిని ముందుకు తోస్తుంది, తల వెనకబడుతుంది, మరుక్షణం ముందుకు విసురుకుంటుంది. ఈ మధ్యలో మెడ కండరాలూ, ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లూ సాగి దెబ్బతింటాయి. నొప్పి చాలామందికి అప్పటికప్పుడు తెలియదు, కొన్ని గంటల తర్వాతో మర్నాడో బయటపడుతుంది. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది కానీ కండరం కనిపించదు, అందుకే రిపోర్టు నార్మల్ అని వస్తుంది. నార్మల్ వచ్చిందంటే నొప్పి అబద్ధమని కాదు. ఎక్కువమందికి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లోపు తగ్గిపోతుంది, కొందరిని మాత్రం చాలాకాలం వదలదు. మెడకు పట్టీ వేసుకుని నెలల తరబడి కదలకుండా కూర్చోవడం మంచిది కాదని, డాక్టరు చెప్పిన మేరకు మెల్లగా కదిలించాలని ఇప్పటి వైద్యం చెబుతోంది. చేతుల్లో తిమ్మిరి, బలం తగ్గడం, నడకలో తూలడం, మూత్రం మీద పట్టు పోవడం ఉంటే ఏజెంటూ క్లెయిమూ తర్వాత, ముందు వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఇలా పైకి కనిపించని దెబ్బే ఈ ఏజెంట్లకు కావాలి. మా వాడి దగ్గర ఏజెంటు "ఖర్చులకు" అని 15,000 తీసుకున్నాడు, వచ్చిన దాంట్లో సగం వాటా అన్నాడు. నమ్మించడానికి ఫోన్‌లో ఒక విదేశీ పట్టిక చూపించాడు, నొప్పి ఇన్ని నెలలుంటే ఇన్ని పౌండ్లు అని. ఆ పట్టిక ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 మే 31 నుంచి అమల్లోకి వచ్చింది, మన దేశానికి సంబంధమే లేదు. అందులో కూడా మూడు నెలల లోపు మెడ నొప్పికి మొదట పెట్టింది 240 పౌండ్లు, మన లెక్కలో పాతిక ముప్పైవేల మధ్య. ఏజెంటు చెప్పింది మాత్రం ఎనిమిది లక్షలు!

కొన్నాళ్లకు, కోర్టు కేసుల వివరాలు చూపే ఈకోర్ట్స్ యాప్‌లో పేరు కొట్టి చూస్తే కేసు కనిపించింది. నెల్లూరులో కాదు, ఇంకో జిల్లాలో వేశారు. తెలిసిన వకీలు ద్వారా పిటిషన్ కాపీ తీయించి చదివితే మా బావమరిదికి భుజం ఎముక విరిగిందట, పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడట. అతను గడప కూడా తొక్కని ఒక క్లినిక్ బిల్లులు జతచేసి ఉన్నాయి. కింద సంతకం మాత్రం అతనిదే, తెల్లకాగితం మీద పెట్టింది. నిలదీస్తే ఏజెంటు "అందరికీ అట్నే రాస్తాం అన్నా, లేకపోతే డబ్బు రాదు" అన్నాడు. 20 శాతం వైకల్యం సర్టిఫికెట్ కూడా తెప్పిస్తానని చెప్పాడు. డబ్బు పోవడం కన్నా ఇదే భయంకరం. ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు ఆసుపత్రి రికార్డు తెప్పించి ఒక్క దొంగ బిల్లు పట్టుకున్నాడంటే నిజమైన నొప్పి, నిజమైన బిల్లులు కూడా అనుమానంలో పడతాయి. దొంగ కాగితం కోర్టులో పెట్టిన నేరం ఏజెంటు కన్నా ముందు సంతకం పెట్టినవాడి మీదకే వస్తుంది.

వైకల్యం సర్టిఫికెట్ల గురించి సుప్రీంకోర్టు 2010లోనే రాజ్ కుమార్, అజయ్ కుమార్ కేసులో చెప్పింది. వైద్యం చేయని డాక్టర్లు రెడీమేడ్‌గా ఇచ్చే సర్టిఫికెట్లను నమ్మే ముందు ట్రిబ్యునళ్లు, అంటే యాక్సిడెంట్ పరిహారం తేల్చే కోర్టులు, జాగ్రత్తగా ఉండాలంది. మామూలు గాయాలకు ఏమిస్తారో కూడా అదే తీర్పులో ఉంది: వైద్యం ఖర్చు, వైద్యం జరిగినన్నాళ్లు పోయిన సంపాదన, బాధకు కొంత. శాశ్వత నష్టం మిగిలిన తీవ్రమైన గాయాలకే మిగతా పద్దులు వస్తాయి. మెడ నొప్పి మూడు నెలల్లో తగ్గినవాడికి ఎనిమిది లక్షలు ఎవరూ ఇవ్వరు.

అసలు దారి ఇది. క్లెయిమ్ మన కారు పాలసీ మీద కాదు, గుద్దిన బండి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీద. మన పాలసీలో ఉండే 15 లక్షల ఓనర్ డ్రైవర్ కవర్ మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే. 1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి, మన దగ్గర ఎంవీఓపీ అంటారు. ప్రమాదం ప్రకాశం జిల్లాలో జరిగినా నెల్లూరులో ఉండేవాళ్లు నెల్లూరులోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో వేయాలి, కాబట్టి "తొందరేం లేదులే" అనేవాడి మాట వినొద్దు. తప్పు ఎవరిదని చూడకుండా 164వ సెక్షన్ కింద ఇచ్చే రెండున్నర లక్షలు తీవ్ర గాయానికి మాత్రమే. మెడ బెణుకును వూండ్ సర్టిఫికెట్‌లో, అంటే గాయం ఎలాంటిదో డాక్టరు రాసిచ్చే కాగితంలో, సాధారణంగా సింపుల్ అనే రాస్తారు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మెడ దెబ్బ క్లెయిమ్ మొత్తం కాగితాల మీదే నిలబడుతుంది. నొప్పి తెలిసిన రోజే డాక్టరు దగ్గరికి పోయి, ఇది రోడ్డు ప్రమాదమని చెప్పి ఓపీ చీటీలో ఆ మాట, "మెడ" అనే మాట రెండూ రాయించుకోండి. పది రోజులు జండూబామ్ రాసుకుని అప్పుడు పోతే, ఇది యాక్సిడెంట్ వల్ల కాదు, వయసుతో వచ్చిన మెడ అరుగుదల అని కంపెనీ వాదిస్తుంది. నలభై దాటినవాళ్లకైతే ఈ వాదన ఖాయం. పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కాపీ అడిగి తీసుకోండి. ప్రమాదం మొదటి రిపోర్టును పోలీసులు 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు పంపాలని 2022 రూల్స్‌లో ఉంది కానీ, మనం అడగకపోతే ఏదీ కదలదు. బంపర్ ఫొటోలు, లారీ నంబరు, తేదీలతో ఫిజియోథెరపీ బిల్లులు, సెలవు పెట్టినట్టు ఆఫీసు కాగితం, జీతం స్లిప్పులు దాచండి. బయటకు జిరాక్సులే ఇవ్వండి.

వకీలును నేరుగా కలవండి. వచ్చిన డబ్బులో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం, వాటా అడిగినవాడు వకీలైనా సరే లేచి వచ్చేయండి. ఫీజు కట్టలేని వాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవచ్చు, ఫోన్ నంబరు 15100. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. పరిహారం నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాకే వేయాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, ఖాళీ చెక్కుతో ఎవరికీ పని లేదు.

మా వాడి కేసులో ఆ పిటిషన్ వేసిన పాత వకీలు దగ్గర నో అబ్జెక్షన్ (అభ్యంతరం లేదనే కాగితం) తీసుకుని వకాల్తా మార్చాం, తప్పుడు వివరాలు తీసేయించడానికి సవరణ పిటిషన్ వేశాం. ఒరిజినల్స్ సగం వచ్చాయి, 15,000 రాలేదు. చెక్కుకు బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టించాం.

ఇప్పటికే ఇలాంటి వాళ్లకు కాగితాలు ఇచ్చి ఉంటే ఈరోజే ఈకోర్ట్స్‌లో మీ పేరు వెతకండి. నెల్లూరు, ఒంగోలు రెండే కాదు, చుట్టుపక్కల జిల్లాలు కూడా చూడండి. కేసు కనిపిస్తే పిటిషన్ కాపీ తీయించి మొదటి పేజీ నుంచి చదవండి. కనిపించకపోతే ఆరు నెలలు ఎప్పటికి నిండుతాయో క్యాలెండర్‌లో చూసుకుని వకీలు దగ్గరికి పోండి.