ప్రకాశం బజార్ల దొరకని డబ్బా: బాయ్ మీట్స్ వరల్డ్ ఏడో సీజన్

నల్లగొండ ప్రకాశం బజార్ల తొమ్మిదేండ్లు సీడీల షాపు నడిపిన. రోజుకు 10 రూపాయల కిరాయి, 100 డిపాజిట్. కొత్త సినిమాలు, పాత పౌరాణికాలు, పిల్లల కార్టూన్లు, ఒగ్గు కథలు అన్నీ నా చేతుల మీదికెళ్లి పోయినయి. కానీ ఒక టీవీ సీరియల్‌ను సీజన్ల వారీగ డబ్బాల పెట్టి అమ్ముతరన్నది మా బజార్ల ఎన్నడూ చూడలేదు. మొన్న మాఘమాసంల చెల్లె పెండ్లికి మా చిన్నమ్మ కొడుకు అమెరికా నుంచి వచ్చిండు. "అన్నా, నీకు డిస్కులంటే పానం గదా, ఇది ఉంచుకో" అని ఈ డబ్బా ఇచ్చి పోయిండు. అలవాటు కొద్ది ముందుగాల డిస్కు తిప్పి వెనుక రంగు చూసిన. తెల్లటి వెండి రంగు. అంటే ఫ్యాక్టరీల అచ్చు కొట్టిన డిస్కు. కంప్యూటర్ల రాసినవైతే ఊదా రంగు కొడ్తయి, రెండు మూడు ఎండకాలాలు దాటంగనే ఆగి ఆగి ఆడుతయి. ఇవి అట్ల కావు.

ఎరుక లేనోళ్లకు చెప్త. బాయ్ మీట్స్ వరల్డ్ అమెరికాల ఏబీసీ ఛానెల్ల 1993 సెప్టెంబర్ నుంచి 2000 మే దాకా శుక్రవారం రాత్రిళ్లు వచ్చిన కామెడీ సీరియల్. ఏడు సీజన్లు, 158 ఎపిసోడ్లు. ఫిలడెల్ఫియాల ఉండే కోరీ అనే పిలగాడు, వాని దోస్తు షాన్, వాడు ప్రేమించిన టొపాంగా, అన్న ఎరిక్, పక్కింట్లనే ఉండే సారు ఫీనీ. మొదలైనప్పుడు ఆరో తరగతి పోరగాండ్లు, అయిపోయేసరికి పెండ్లయి కాలేజీల ఉంటరు. నటించినోళ్లు కూడ అట్లనే కండ్ల ముందు పెరిగిండ్రు. ఈ డబ్బాల ఉన్నది ఆఖరిది, ఏడో సీజన్, 23 ఎపిసోడ్లు.

కథ కన్న ముందు డిస్కు సంగతి చెప్పాలె, ఎందుకంటే చాలమంది ఇక్కడనే ఆగిపోతరు. ఒక దిక్కు డిస్కు ఇంకో దిక్కు ప్లేయర్ల ఆడకుండ లోకాన్ని భాగాలు చేసి నంబర్లు పెట్టిండ్రు, వాటినే రీజియన్ అంటరు. అమెరికా డిస్కులు రీజియన్ 1. మన దేశం రీజియన్ 5. ఇంట్ల ఉన్న పాత కంపెనీ ప్లేయర్ల పెడ్తె రీజియన్ తప్పు అని చూపించి డిస్కును బయటికి తోసింది. పాడైన డిస్కు అనుకొని పక్కన పారేయకుండ్రి. చౌక రకం చైనా ప్లేయర్లు చాలమటుకు ఏ రీజియన్‌దైనా ఆడిస్తయి, మన ఊర్ల పాత సామాన్ల దుకాన్ల ఇంకా దొరుకుతయి. కంప్యూటర్ డ్రైవ్ అయితే రీజియన్ మార్చుకోవచ్చు, కానీ మొత్తం ఐదు సార్లే. ఐదోసారి ఏది పెడ్తె అదే ఖాయం అయితది. నేను ఒక పాత డ్రైవ్‌ను ఈ డబ్బా కోసమే రీజియన్ 1 చేసి పక్కకు పెట్టిన. ఇంకొకటి, టీవీ బొమ్మ పద్ధతి. వాళ్లది ఎన్‌టీఎస్‌సీ (NTSC), అడ్డంగ 480 గీతలు. మనది పాల్ (PAL), 576 గీతలు. ఇప్పటి టీవీలు రెండూ తీసుకుంటయి గాని, పాత డబ్బా టీవీల మీద కొన్నిట్ల బొమ్మ రంగు లేకుండ వస్తది.

బొమ్మ దాదాపు నలుచదరం, 4:3, అంటే నాలుగు పాళ్ల వెడల్పుకు మూడు పాళ్ల ఎత్తు. వెడల్పు టీవీల రెండు పక్కల నల్ల పట్టీలు వస్తయి. దయచేసి సాగదీసి చూడకుండ్రి. రిమోట్ల అసలు కొలత పెట్టుకుంటే మొఖాలు మొఖాల లెక్క ఉంటయి.

ఈ డబ్బాలు అమెరికోళ్లకే తేలికగ దొరకలేదు. మొదటి మూడు సీజన్లు 2004, 2005ల వచ్చి ఆగిపోయినయి. ఐదేండ్లు ఏమీ లేదు. తర్వాత లయన్స్‌గేట్ అనే కంపెనీ వాళ్లు తీసుకొని 2010 ఆఖర్ల నాలుగోది, 2011ల మిగిలినవి ఇడిసిండ్రు. అంటే కోరీ పెండ్లి టీవీల చూసినోళ్లు దాన్ని ఇంట్ల పెట్టుకునేటందుకు పదకొండేండ్లు ఎదురుచూసిండ్రు. షాపుల కూసున్నోనిగ నాకు ఆ ఎదురుచూపు తెలుసు. ఫలానా సినిమా రెండో డిస్కు వచ్చిందా అని మూడు నెలలు రోజూ వచ్చి అడిగిపోయిన ఒక ముసలి సారు ఉండె.

ఇగ కథ. బిడ్డకు ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు అయిపోయినయి, ఎంసెట్ రాసి రిజల్టు కోసం చూస్తుండె. నల్లగొండ ఎండకాలం మీకు తెల్వనిది కాదు, పొద్దుమూకే దాక బయటికి అడుగు పెట్టెటట్టు ఉండదు. కూలర్ ముందట కూసొని రోజుకు రెండు మూడు చొప్పున చూసినం. మాటలు ఉరుకుతుంటే బిడ్డ ఆపి అర్థం చెప్పింది.

సీజన్ మొదలయ్యేసరికి టొపాంగా అమ్మనాయనలు ఇడిపోతున్నరు. పెద్దోళ్ల ప్రేమనే నిలువనప్పుడు మాది ఎట్ల నిలుస్తదని ఆ పిల్ల పెండ్లి వద్దంటది. చిన్నప్పటి నుంచి వచ్చిన ప్రేమను అంత సులువుగ పెండ్లి పీటల మీదికి తేకుండ, ముందుగాల ఆమె భయాన్ని మన ముందట పెట్టిండ్రు. ఏడో ఎపిసోడ్ల పెండ్లి అయితది. అక్కడ నాకు బాగ అనిపించింది షాన్ బాధ. దోస్తు పెండ్లిల పక్కన నిలవడవలసినోడు, ఇగ నా జాగ ఏంది అని లోపల్లోపల కుములుతడు. తోడు పెండ్లికొడుకుగ కూసున్న ప్రతి మగపిలగాడు ఎరిగిన బాధే ఇది, కానీ దాన్ని మన దిక్కు ఎవ్వరూ నోరు తెరిచి చెప్పరు.

పెండ్లి తర్వాతి ఎపిసోడ్ల మీదనే మా ఇంట్ల లొల్లి అయింది. కొత్త జంట వచ్చి మాకు ఉండేటందుకు జాగ లేదు, ఇంట్ల ఉంటం అంటే కోరీ తల్లిదండ్రులు వద్దంటరు. ఇద్దరూ చదువుకునే పిల్లలే. పాడుబడ్డ స్టూడెంట్ గదిల పడ్తరు, నల్లాల నీళ్లు మురికిగ వస్తయి. కోరీ నాయన ఆలన్ అన్నీ చూస్తనే ఉంటడు, మనసు కరగనియ్యడు. మా ఇంటామె లేసి నిలవడ్డది. "ఇదేం నాయన? కోడలిని గడప తొక్కనియ్యడా?" అన్నది. మా పెండ్లైన కొత్తల ఆరేండ్లు మా అమ్మానాన్నతోనే ఉన్నం. రామగిరిల ఒక్క గది, నడుమ చీర పరదా. నాకు అది ఆసరా, ఆమెకు అది వేరే కథ. ఎపిసోడ్ అయిపోయినంక టీవీ బందు వెట్టి ఆమె చాలసేపు మాట్లాడింది. మా అమ్మకు చెప్పకుండ దాసుకున్న మాటలు, పరదా వెనుక ఏడ్సిన రోజులు. ఇరవై ఏండ్లల ఎన్నడు అడగలేదు నేను. ఆలన్ చేసిందే ఒప్పు అని నేను అనను. మన దిక్కు గట్ల చేస్తె ఊరు ఊరంత తిడ్తది. కానీ కొడుకు సంసారం వాడే నిలబెట్టుకోవాలె, నా చెయ్యి పడ్తె అది వానిది కాదు అని ఒక తండ్రి కడుపు బిగవట్టుకొని నిలవడుడు ఎంత కష్టమో ఆ నటుడు విలియం రస్ మొఖంల చూపించిండు. ఈ డబ్బాల నాకు అన్నిటికన్న విలువైనవి ఈ రెండు మూడు ఎపిసోడ్లే.

నచ్చనివి కూడ ఉన్నయి. జాక్, రేచల్ అనే ఇద్దరికి రాసేటోళ్లు పని ఇయ్యలేదు, గోడకానించినట్టు నిలవెట్టిండ్రు. నడుమ నాలుగైదు ఎపిసోడ్లు ఉత్త అపార్థాల మీద నడుస్తయి. టొపాంగాకు నెల తప్పిందని అందరూ అనుకునే ఎపిసోడ్ అయితే సగంలనే ఆపుదామనిపించింది. ఎరిక్‌ను మొదటి సీజన్లల మామూలు పిలగానిగ చూపించి, ఆఖరికి ఉత్త పిచ్చోన్ని చేసిండ్రు అని చాలమంది అంటరు. నిజమే, కొన్ని తావుల అతి అయింది. కానీ ఆ ఎరిక్‌తోనే ఒక ఎపిసోడ్ల గుండె పిండుతరు. దోస్తులందరు రెండు జట్లయి ఒకరినొకరు ఏడిపిచ్చుకొని, మాటలు తెగిపోతయి. ఏడేండ్ల తర్వాత వీళ్లు ఎట్లుంటరో చూపిస్తరు. ఎరిక్ గడ్డం పెంచి, లోకం ఇడిసి, వేరే పేరు పెట్టుకొని వస్తడు. ఒక్క దోస్తును పోగొట్టుకుంటే అందరూ పోతరు, ఆఖరికి నువ్వే పోతవు అన్న మాట వాని నోటికెళ్లే చెప్పిస్తరు. నవ్వుకుంట నవ్వుకుంట ఉన్న బిడ్డ చప్పున గమ్మునయింది. పదో తరగతి దోస్తు ఒకామెతోని మాటలు బందై రెండేండ్లయింది దానికి.

షాన్, ఏంజెలాల ప్రేమ గురించి ఒక్క మాట. వాడు తెల్లోడు, ఆమె నల్లజాతి పిల్ల. ఆ సంగతిని ఒక సమస్యగ ఎక్కడా ఎత్తరు. ఇద్దరు మనుషుల లెక్కనే చూపిస్తరు. కులం కోసం పానాలు తీసిన జిల్లాల ఉండి చూస్తున్నం కాబట్టి, అట్ల మామూలుగ చూపించుడు నాకు చాల పెద్దగ కనవడ్డది.

ఇగ ఫీనీ సారు. వేసినాయన విలియం డేనియల్స్. నైట్ రైడర్ అనే ఇంకో అమెరికా సీరియల్ల మాట్లాడే కారుకు గొంతు ఇచ్చింది ఆయనే. ఈ సీరియల్ల ఫీనీ సారు మనసు పడ్డ కాలేజీ డీన్‌గ చేసినామె, బానీ బార్ట్‌లెట్, నిజంగ ఆయన భార్యనే. వాళ్లిద్దరు ఎదురుపడ్డప్పుడు కండ్లల్ల ఒక నిదానం ఉంటది, అది నటించి తెచ్చేది కాదు.

ఆఖరి ఎపిసోడ్ల టొపాంగాకు న్యూయార్క్‌ల అవకాశం వస్తది, కోరీ, షాన్, ఎరిక్ కూడ ఎల్లిపోతరు. పోయే ముందు చిన్నప్పటి తరగతి గదికి వచ్చి సారును కలుస్తరు. మమ్మల్ని ప్రేమిస్తున్నవని ఒక్కసారి చెప్పు సారూ అంటే ఆయన చెప్పడు. అందరూ తలుపు దాటి పోయినంక, ఖాళీ బెంచీల దిక్కు చూసి అప్పుడు చెప్తడు. చెప్పి క్లాసు ఇడిసిపెడ్తడు. ఏ పాటా లేదు. ఒక ముసలి సారు, బల్లలు, అంతే. బిడ్డ రిమోట్ తీసుకొని మళ్ల వెనుకకు పెట్టింది. మూడుసార్లు చూసినం.

ఇంగ్లిష్ ఒక మోస్తరు వచ్చిన పిల్లలుంటే ఈ సీజన్ తెప్పించుకోండ్రి, కానీ నేరుగ దీంతోని మొదలు పెట్టకుండ్రి. కనీసం ఐదో సీజన్ నుంచి చూస్తె పెండ్లి బరువు తెలుస్తది. తర్వాత 2014ల వచ్చిన గర్ల్ మీట్స్ వరల్డ్‌ల కోరీ, టొపాంగా తల్లిదండ్రులయి కనిపిస్తరు, అది వేరే లెక్క.

బిడ్డకు హైదరాబాద్‌ల సీటు వచ్చింది, ఎల్లుండి హాస్టల్‌కు పోతున్నది. ఈ డబ్బా అడిగి తీసుకున్నది. దాని ల్యాప్‌టాప్‌కు డిస్కు పెట్టే జాగ లేదు, బయట తగిలిచ్చే డ్రైవ్ ఒకటి కొనిచ్చిన. రీజియన్ 1 పెట్టి, ఇగ దీన్ని మార్చకు బిడ్డా అని చెప్పిన.