గ్యాస్ పూల్ హీటర్: కొన్ని చలికాలాలు నడిపాక ఒక చిన్న స్విచ్ గురించి

ఈ హీటర్ చూసినవాళ్లు మొదట అడిగేది నీళ్లు ఎంతసేపట్లో వేడెక్కుతాయని, ఆ తర్వాత గ్యాస్ ఎంత తాగుతుందని. రెండింటికీ జవాబు కంపెనీ కాగితంలోనే ఉంటుంది. నేను మెచ్చుకునేది ఆ కాగితం ఒక్క ముక్కలో తేల్చేసిన స్పిల్ స్విచ్‌ని. హీటర్ పైన పొగగొట్టం మొదలయ్యే చోట ఉండే తెరిచిన గొడుగు లాంటి డ్రాఫ్ట్ హుడ్ అంచున రెండు వైర్లతో, చొక్కా బొత్తామంత ఉంటుంది. గొట్టంలోంచి పైకి పోవాల్సిన పొగ గదిలోకి ఎదురు తన్నితే, ఆ వేడికి తెగి గ్యాస్ వాల్వ్‌కు కరెంటు ఆపేస్తుంది. మనిషి వెళ్లి నడుమ ఉన్న బటన్ నొక్కితే తప్ప హీటర్ మళ్లీ అంటుకోదు. మన దగ్గర మెకానిక్ చెయ్యి ముందుగా పోయేదీ దాని మీదికే, పీకేయడానికి.

మాది హనుమకొండలో పైకప్పు కింద ఉన్న చిన్న పూల్, పిల్లలకు ఈత నేర్పేది, 60,000 లీటర్లు. హీటర్ గంటకు 1,25,000 బీటీయూది (బీటీయూ అంటే వేడి కొలత), ఎల్పీజీ మీద నడుస్తుంది. లోపల ఫ్యాన్ ఏమీ ఉండదు, పొగ తన వేడికి తానే ఆరంగుళాల గొట్టంలోంచి పైకి పోవాలి. ఇది పంప్ రూంలో ఉంది. ఆ గదికీ పూల్ హాలుకూ మధ్య ఒక దర్వాజ. ఆ దర్వాజ సంగతి తర్వాత వస్తుంది.

గ్యాస్ లెక్క మాత్రం ఒకసారి చెప్పేస్తా, కాగితం దీన్ని తిప్పి తిప్పి రాస్తుంది కాబట్టి. ఇన్ని నీళ్లు ఒక్క డిగ్రీ పెరగాలంటే 60,000 కిలో క్యాలరీలు కావాలి. నూటికి 80 వంతులు నీళ్లకు అందినా దాదాపు 7 కిలోల ఎల్పీజీ ఖర్చు, రెండున్నర గంటల పని. అంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ మూడు డిగ్రీలు కూడా లేపదు. రాత్రిపూట నీళ్ల మీద షీట్ కప్పకపోతే ఈ లెక్క కూడా నిలవదు.

ఇక మా హీటర్ మాటిమాటికీ ఆగిపోయిన సంగతి. డిసెంబరు, జనవరిల్లో ఇక్కడ రాత్రులు 15 డిగ్రీల అటూఇటూ ఉంటాయి కాబట్టి హీటర్ అర్ధరాత్రి దాటాక మొదలై తెల్లారేదాకా నడవాలి. రాత్రంతా బాగానే నడిచేది. పొద్దుగాల హాలు తెరిచి, అద్దాలకు ఆవిరి పట్టిందని గోడ మీది ఎగ్జాస్ట్ ఫ్యాన్లు రెండూ వేశాక పది, పదిహేను నిమిషాలకు ఠప్పున ఆగిపోయేది. బటన్ నొక్కితే అంటుకునేది, మళ్లీ అంతే. మధ్యాహ్నం మెకానిక్ వచ్చి చూస్తే ఏ లోపమూ ఉండదు, గంటసేపు వదిలేసినా చక్కగా నడుస్తుంది. ఆయన తీర్పు: "స్విచ్ వీక్ అయింది సార్, డైరెక్ట్ చేసేస్తా." కొత్త స్విచ్ వేస్తే అదే తంతు. రెగ్యులేటర్ మార్చారు, బర్నర్ జెట్లు శుభ్రం చేశారు, అయినా అదే. మళ్లీ డైరెక్ట్ మాటే వచ్చింది.

డైరెక్ట్ అంటే ఆ రెండు వైర్లను ఒకదానికొకటి కలిపేయడం. అలా చేస్తే హీటర్ ఆగకుండా నడుస్తుంది, నిజమే. గదిలోకి తన్నే పొగ కూడా ఆగకుండా వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్ (సీవో) అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు, పంప్ చూసే మనిషికి మొదట తలనొప్పి వస్తుంది, ఆ తర్వాత బయటికి నడిచి వచ్చే ఓపిక కూడా ఉండదు. అందుకే ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం వల్లే అసలు కారణం బయటపడింది.

కారణం ఫ్యాన్లు. ఒక కిలో ఎల్పీజీ కాలడానికి దాదాపు 12 ఘనమీటర్ల గాలి కావాలి. ఈ హీటర్ గంటకు కాల్చేది రెండున్నర నుంచి మూడు కిలోలు. డ్రాఫ్ట్ హుడ్ లాక్కునేది కూడా కలిపి ఎంత ఉదారంగా లెక్కేసినా గంటకు 100 ఘనమీటర్లు దాటదు. పద్దెనిమిది అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే గంటకు 4,000 ఘనమీటర్లకు తక్కువ లాగదు. అంటే హీటర్ గంటసేపటి గాలి ఫ్యాన్‌కు రెండు నిమిషాల పని కూడా కాదు. చలికాలమని కిటికీలన్నీ మూసి రెండు ఫ్యాన్లు వేస్తే అంత గాలి హాల్లోకి ఎక్కడినుంచి రావాలి? పంప్ రూం దర్వాజ కింది సందు నుంచి, ఆ గదికి పొగగొట్టం నుంచి. గొట్టంలో వేడి పొగ పైకి పోయే బలం పది పాస్కల్ అటూఇటూ (పాస్కల్ అంటే ఒత్తిడి కొలత), చాలా తక్కువ. ఫ్యాన్ దాన్ని సులువుగా తిప్పికొడుతుంది. మధ్యాహ్నం కిటికీలు తెరిచి ఉంటాయి, ఎండకు ఫ్యాన్ల అవసరమే పడదు. మెకానిక్‌కు లోపం ఎన్నడూ కనిపించకపోవడానికి అదీ కారణం.

దీన్ని పట్టుకోవడానికి మీటర్లు అక్కర్లేదు, అగర్‌బత్తి చాలు. కిటికీలు, దర్వాజలు అన్నీ మూయాలి, ఫ్యాన్లన్నీ వేయాలి, హీటర్ అంటించి ఐదు నిమిషాలు ఆగాలి. అప్పుడు అగర్‌బత్తిని డ్రాఫ్ట్ హుడ్ అంచు చుట్టూ తిప్పాలి. పొగ హుడ్ లోపలికి పోతే సరే. మన మొహం వైపు వస్తే వెంటనే హీటర్ బందు చేసి బయటికి రావాలి. ఫ్యాన్లు ఆపి, కిటికీలు తెరిచి చేసిన పరీక్ష పరీక్షే కాదు. హీటర్ బిగించిన రోజు చాలామంది అలాగే చేసి చూపిస్తారు, అందరూ సరే అంటారు.

సరిచేసిన తీరు ఇది. ముందు పంప్ రూంను హాలుతో విడదీశాం. దర్వాజ చుట్టూ రబ్బరు బీడింగ్, కింద బ్రష్, పైన డోర్ క్లోజర్. తర్వాత ఆ గదికి సొంత గాలి. హీటర్ పుస్తకం అమెరికా గ్యాస్ కోడ్ ఎన్ఎఫ్‌పీఏ 54 లెక్క ఇస్తుంది: నేరుగా బయటి గోడకు తెరిస్తే ప్రతి 4,000 బీటీయూకు ఒక చదరపు అంగుళం, అలాంటివి రెండు బొక్కలు, ఒకటి నేలకు అడుగులోపు, ఒకటి కప్పుకు అడుగులోపు. మా హీటర్‌కు ఒక్కోటి 31 చదరపు అంగుళాలు. ఇక్కడే మేస్త్రీలు పొరపడతారు, అది గోడకు కొట్టే బొక్క కొలత కాదు, గాలి దూరే ఖాళీ. ఇనుప లూవర్ (వాలు రెక్కల చట్రం) బిగిస్తే నూటికి 75 వంతులే ఖాళీ కింద లెక్క, అంటే 42 కావాలి. చెక్క లూవర్ అయితే 25 వంతులే, 125 కావాలి. మేము 8 బై 8 ఇనుప లూవర్లు రెండు పెట్టాం. కింది దాన్ని ఏ డ్రమ్ముతోనూ మూయొద్దు. ఎల్పీజీ గాలికన్నా బరువు, ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకైతే నేల వెంబడి పాకుతుంది, పోవడానికి ఆ కింది దారే ఉంది. సిలిండర్లు, వాటిని కలిపే గొట్టం (మానిఫోల్డ్) ఎలాగూ గది బయటే ఉండాలి.

హాల్లోకి కూడా ఫ్యాన్లకు ఎదురు గోడన దాదాపు ఒక చదరపు మీటరు లూవర్ పెట్టాక పొద్దుటి ఆగుడు పోయింది. దాంతో ఊరుకోకుండా ఫ్యాన్లను నడిపే కాంటాక్టర్ల (కరెంటు రిలేల) ఎన్‌సీ కాంటాక్టులను, అంటే ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు కలిసి ఉండి తిరిగితే విడిపోయేవాటిని, హీటర్‌లోని ఫైర్‌మ్యాన్ స్విచ్ టెర్మినళ్లకు (ఇవి విడిపోతే హీటర్ ఆగిపోతుంది) సిరీస్‌లో కలిపాం. ఒక్క ఫ్యాన్ తిరిగినా హీటర్ నడవదు. ప్యారలల్‌లో కలిపితే రెండూ తిరిగితేనే ఆగుతుంది, అది చాలదు. ఆ టెర్మినళ్లకు బయటి కరెంటు తగలొద్దు, బోర్డు కాలిపోతుంది. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

లూవర్‌కు దోమల జాలి కొట్టించాలని అందరికీ అనిపిస్తుంది. వద్దు. కోడ్ ప్రకారం పావు అంగుళం కన్నా సన్నటి కన్ను ఉండొద్దు. వరంగల్‌లో దానికి ఇంకో కారణం కూడా ఉంది. పత్తి సీజన్లో ఎనుమాముల మార్కెట్‌కు పోయే బండ్ల దారిలో ఉన్న గోడకు నూగు ఎంత పడుతుందో చూసినవాళ్లకే తెలుసు. సన్న జాలి తొందరగానే తెల్లగా పూడుకుపోతుంది. పావు అంగుళం జాలిని కూడా నవంబరు నుంచి వారానికోసారి బ్రష్‌తో దులపాలి. బర్నర్ మంట నీలంగా ఉండాల్సింది పసుపుగా మారి మంట వేడిని నీళ్లకు అందించే హీట్ ఎక్స్‌చేంజర్ రెక్కలకు మసి పట్టడం మొదలైతే ముందు జాలి చూడండి, తర్వాత బర్నర్ గాలి రంధ్రాల్లో సాలెగూళ్లు.

పొగగొట్టం సైజు హీటర్ కాలర్‌కు (గొట్టం తొడిగే మూతికి) తగ్గకూడదు, అడ్డంగా పోయే చోట అడుక్కు పావు అంగుళం ఎత్తు పెరగాలి, పది అడుగుల లోపు ఉన్న పిట్టగోడకన్నా, ట్యాంకుకన్నా రెండడుగులు పైకి రావాలి. టోపీలో కందిరీగలు గూడు కడతాయి, వానాకాలం అయ్యాక ఒకసారి ఎక్కి చూడాల్సిందే.

పంప్ రూంలోనే బ్లీచింగ్, యాసిడ్ పెట్టుకోవడం మన దగ్గర దాదాపు ప్రతి పూల్‌లో ఉన్న అలవాటు. ఆ ఆవిరి మంటలోకి పోతే హైడ్రోక్లోరిక్ యాసిడ్ అవుతుంది, రాగి గొట్టాలను, పొగగొట్టం రేకును తినేస్తుంది. హాలు గాలి మీద హీటర్ నడపకూడదనడానికి ఇదీ ఒక కారణం. డ్రమ్ములు వేరే గదికి పోయేదాకా ఎంత మంచి లూవర్ పెట్టినా లాభం సగమే.

స్విచ్‌ను మెచ్చుకున్నాను కదా, దానికీ హద్దు ఉంది. అది పట్టేది వేడిని, కార్బన్ మోనాక్సైడ్‌ను కాదు. పొగ సన్నగా, చల్లారుతూ కారితే స్విచ్‌కు ఆ వేడి అందదు. పొగగొట్టం జాయింట్ ఊడి పైన ఎక్కడో లీకైతే దానికి తెలిసే దారే లేదు. పైగా క్లోరిన్ తడికి వైర్లు తగిలించే దాని కాళ్లే పచ్చబడతాయి. కాబట్టి గదిలో సీవో అలారం వేరేగా ఉండాలి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం తయారైంది అయితే 50 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 50 వంతుల సీవో) దగ్గర గంట నుంచి గంటన్నర లోపు, 100 దగ్గర 10 నుంచి 40 నిమిషాల లోపు, 300 దాటితే మూడు నిమిషాల్లో మోగుతుంది. సీవో బరువు దాదాపు గాలి బరువే, అందుకని మనిషి ముక్కు ఎత్తున పెడితే సరి. ఎల్పీజీ లీక్ అలారం మాత్రం నేల దగ్గరే ఉండాలి. రెండింటినీ ఒకే ఎత్తున, చూడ్డానికి బాగుందని పక్కపక్కనే బిగించిన గదులు కూడా ఉన్నాయి. సీవో సెన్సర్‌కు కూడా వయసు ఉంటుంది, వెనక రాసిన తేదీ దాటితే పచ్చ లైటు వెలుగుతున్నా నమ్మొద్దు.

మళ్లీ కొంటారా అంటే, మా పరిస్థితిలో కొంటాను. పూల్ చిన్నది, వేడి కావాల్సింది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే, పంప్ రూంకు బయటి గోడ ఉంది. ఏడాదంతా వేడి నీళ్లు కావాలంటే, డాబా మీద జాగా ఉంటే హీట్ పంపో సోలారో చూడండి, సిలిండర్ల ఖర్చు తట్టుకోలేరు. పంప్ రూం నేలమాళిగలో ఉంటే, బయటి గోడే లేకపోతే ఎల్పీజీ హీటర్ ఊసే ఎత్తొద్దు. కొన్నవాళ్లు మాత్రం స్పిల్ స్విచ్ ఒకటి స్పేర్ తీసి పెట్టుకోండి. ఒంటి మీద రాసిన డిగ్రీల అంకె పాతదానితో సరిపోవాలి. ఇక్కడి షాపుల్లో దొరికే గీజర్ స్విచ్‌లు చూడ్డానికి అలాగే ఉంటాయి కానీ తెగే వేడి వేరు, కొన్ని వాటంతటవే మళ్లీ కలుస్తాయి కూడా.